దిబ్బ దగ్గర భోజనం

సముద్రంలోని పగడపు దిబ్బ ఎవరిదన్న తగువు మీద, పక్కనున్న పెద్ద దేశంతో మాట్లాడే బృందంలో ఎస్టెలిటా ఒకతె. మనీలా నుంచి పొద్దున్నే బస్సెక్కి, మసిన్‌లోక్ అనే తీరపు ఊళ్లో చేపలు పట్టే క్రిసాంతో అనే మేనమామ వాకిట్లో దిగింది.

"మళ్లీ చూడు మావయ్యా. ఈ వీడియోలో చెయ్యి నీదా, కాదా?"

"నాదే. అయితే ఏంటంట?"

"ఆ చేతిలో వంజరం ఎందుకుంది? వాళ్ల కాపలా బోటుకేసి ఎందుకు చూపిస్తున్నావ్?"

"చూపించడమేంటి? దిబ్బ దగ్గర పడవలో అన్నం తింటున్నాం. వాళ్లు పక్కకొచ్చారు. రండి తిందాం అన్నాను."

"రండి తిందామా! మన పడవల మీద నీళ్లు కొట్టి తరిమేవాళ్లనా?"

"ముద్ద నోట్లో పెట్టుకుంటుంటే ఎదురొచ్చినవాణ్ని పిలవకుండా ఎలా తింటాం లిటా? మీ అమ్మ నేర్పలేదా నీకు?"

"నేర్పింది. వద్దులెండి, ఇప్పుడే తిన్నాం అని తప్పుకోవడం కూడా నేర్పింది."

"అదే కదా నా ఖర్మ! వాళ్లకి ఏ అమ్మా నేర్పినట్టు లేదు. మాటవరసకి పిలిస్తే చేపల బుట్టంతా ఎత్తుకుపోయారు."

"మరి నవ్వుతున్నావేంటి ఇందులో?"

"ఏడవమంటావా? ఎదురుగా తుపాకులు."

"ఆ నవ్వే మన కొంప ముంచింది. నిన్న చర్చల్లో ఇదే వేశారు. దిబ్బ మాదేనని మీ జాలరులే ఒప్పుకుని చేపలు పన్నుగా కడుతున్నారు, చూడండి, అన్నారు."

"పన్నా? నేనా? వాళ్ల మొహం!"

"మళ్లీ కూర్చునేసరికి బదులు చెప్పకపోతే దిబ్బ పోయినట్టే. బలవంతంగా లాక్కున్నారని ఒక్క మాట చెప్పు, చాలు."

"లాక్కోలేదు. పిలిచాను."

"అబ్బా, మావయ్యా!"

"అరిస్తే మాత్రం? అబద్ధమాడి రేపు మళ్లీ వాళ్ల ఎదురుగా వలేసేది నువ్వా, నేనా? నా చోట నేను తింటూ పిలిచాను. అంతే."

"ఆగాగు. ఏమన్నావ్?"

"పిలిచానన్నాను."

"కాదు, నా చోట అన్నావ్. అవును కదా! తినడానికి రమ్మనేది ఇంటివాడు. వచ్చి తినేవాడు చుట్టం. వాళ్లు నీ ఇంటికొచ్చి నీ తిండి తిన్నారు! ఇదే చెప్తాను. మొహం మీదే చెప్తాను."

"చెప్పు తల్లీ, గట్టిగా చెప్పు! ఇంటివాడెవడో, చుట్టమెవడో తేల్చెయ్. ...ఏం, అలా అయిపోయావ్?"

"చెప్పలేను మావయ్యా."

"ఇప్పుడే కదా చెప్తానన్నావ్?"

"నిన్న చర్చలు మనీలాలో, మన ప్రభుత్వ భవనంలోనే జరిగాయి. మధ్యాహ్నం భోజనం మాత్రం..."

"మాత్రం?"

"వాళ్ల వంటవాళ్లు వండి తెచ్చారు. మన బల్లల మీదే వడ్డించి, రండి తిందాం అన్నారు. అందరికంటే ముందు చెయ్యి కడుక్కుని కూర్చున్నది నేనే."