పొంగు చూడని పొంగాల

తిరువనంతపురంలో ఆట్టుకాల్ అమ్మవారికి పొంగాల, అంటే కుండలో పొంగించిన బెల్లం పాయసం, నైవేద్యం పెట్టే రోజు. వీధి పొడవునా ఆడవాళ్ళు ఇటుకల పొయ్యిలు వెలిగించారు. క్యాన్సర్‌కు మందులు ముగించుకున్న ఒకావిడ తన పొయ్యి పక్కనే చాప మీద నిద్ర లేచింది. ఎదుట ఆమె తోడికోడలు ఉంది.

"నా కుండ పొంగిందా?"

"తూర్పుకే పొంగిందక్కా, శుభం."

"లేపమన్నానుగా."

"లేపాను. ఊఁ అని అటు తిరిగి పడుకున్నావు."

"మందులు ఆపి నాలుగు నెలలైంది. ఇంకా ఈ నీరసమేమిటి?"

"ఏడాది పట్టొచ్చన్నాడుగా డాక్టరు. ఒళ్ళు అడిగినప్పుడల్లా పడుకోమన్నాడు."

"పొంగాల పొయ్యి దగ్గర కూడానా? మొక్కుకున్నది నేను, మంట వేసింది నువ్వు. ఇది ఎవరి పొంగాల అంటావు?"

"అదంతా నాకేం తెలుసు? నా కుండ అడుగంటింది, అది తెలుసు."

"నీది వదిలేసి నాదెందుకు చూశావే?"

"నాదైతే వచ్చే ఏడు పెట్టుకోవచ్చు కదా అని."

ఆవిడ చాప మీద లేచి కూర్చుంది.

"నాకూ వచ్చే ఏడు ఉందే."

"ఉంటుందక్కా. నా నోరు మంచిది కాదు."

"నోటికేం, చెయ్యి మంచిది. పూజారి తీర్థం చల్లేదాకా ఇంకాస్త పడుకుంటాను."

"వచ్చాక లేపనా?"

"వద్దు. నీళ్ళు మీద పడితే తెలుస్తుందిలే."