పాలు పిండినట్టు

సౌదీలో హఫర్ అల్ బాతిన్ ఊరు దాటినాక ఎడారిలో ముసలామె ఉమ్మ్ నాసిర్ మేకల గుడారం. సాయంత్రపు నమాజు వేళ. నీళ్ల బండి తెచ్చిన ఖాజావలిది రాయచోటి, మేకలు కాసే భోజన్నది నిర్మల్ దగ్గర పల్లె.

"నేను చెప్పే మాట కాదప్పా, పక్క గుడారం దావూద్ చెప్పే మాట. టీ కొట్టు కాడ నలుగుర్ని కూచోబెట్టుకోని చెప్తాండాడంట. గుడారంలో నుంచి వాడే చూసినాడంట. 'ఉమ్మ్ నాసిర్ ముసల్ది నిలబడుకోని టమాటా డబ్బాలు వరసగా ఎగరగొట్టింది, ఒగటి గూడా తప్పలా' అని."

"తప్పలే. నిజమే."

"ఆయమ్మకు చెయ్యి వణుకుతాది గదా భోజన్నా! టీ గ్లాసు పట్టుకుంటే సగం టీ బట్టలే తాగుతాయి."

"పిస్తోలు వట్టుకుంటె వణుకుత లేదు ఖాజా భాయ్."

"ఎవురు నేర్పిన్యారు అని అడిగితే, 'ఇంకెవురు, మీ భోజన్నే' అన్న్యాడంట. నేను నవ్వినా. మేకలు కాసేటోడికి పిస్తోలు సంగతి ఏం తెలుసు అని. ఏమప్పా, గొట్టం సరిగ్గా పట్టుకో, నీళ్లు కిందబోతాండాయి."

"వట్టుకున్న."

"నువ్వేనా నేర్పింది?"

"నేనేడ నేర్పిన? కొనిపిచ్చింది నువ్వు."

"నేను డ్రైవర్నప్పా. నాసిర్ సారు 'అమ్మను రియాద్‌కు తీస్కపో, డేగల మేళాలో తుపాకుల అంగళ్లు ఉండాయి, లైసెన్సు పని గూడా ఆడనే అయిపోతాది' అన్న్యాడు. తీస్కపోయినా. అంతే."

"అంతేనా? నువ్వే ఏరినవని ఆమెనే చెప్పింది. 'ఖాజా లేకుంటె పిల్లలాడుకునేది కొనుక్కొద్దును' అన్నది."

"అది... ఆ అంగడోడు ఆడమనిషి గదా అని చిన్నది, అరచేతిలో పట్టేది చూపిచ్చినాడు. ముద్దుగా ఉండాది. ఆయమ్మ గూడా ముచ్చట పడింది. నేనే 'వద్దమ్మా, చిన్నది ఎక్కువ ఎగురుతాది, గాడిదపిల్ల తన్నినట్టు తంతాది. కొంచెం బరువుండేది తీస్కో, చేతిలో కుదురుగా ఉంటాది' అని చెప్పినా. రాయచోటిలో పోలీసు జీపు తోలేటప్పుడు ఎస్సై నోట విన్న్యా ఆ మాట."

"మల్ల ఏరినట్టే గద."

"పైమూత వెనక్కి లాగితేనే గదా తూటా ఎక్కేది? ఆయమ్మకు రాలా. వేళ్లన్నీ వంకర. అందుకని మూత మెత్తగా కదిలేది, చిన్న తూటాది అడిగి ఇప్పిచ్చినా. 'తోడేలును బెదిరిచ్చేదానికి చాలు' అన్న్యాడు వాడు."

"తోడేలును..."

"తోడేలుకే గదప్పా ఇదంతా! నువ్వే గదా చెప్పింది, తోడేలు వచ్చి మేకపోతును ఎత్తుకపోయిందని?"

"నీళ్లు నిండినయ్. బంద్ వెట్టు."

"సగం గూడా నిండలా. మాట మార్చొద్దు. ఎట్ల నేర్పినావు? టౌన్లో ఆడోళ్ల తుపాకి క్లబ్బులో మాస్టరమ్మే నేర్పలేక తల పట్టుకునింది. నేను బయట బండిలో కూచోనుంటే లోపల్నుంచి అరుపులు. 'గుంజొద్దమ్మా, గుంజొద్దు!' అని. ఈయమ్మ గుంజుతాది, తూటా యాడికో పోతాది."

"గా గుంజుడే తిప్పలు వెట్టింది. ఇంటికొచ్చి ఏడ్చినంత పని జేసింది ఖాజా భాయ్. 'భోజా, నాతోని గాదు, తోడేలొస్తె ముందుగాల నన్నే తింటది' అన్నది. నేను మేక పాలు పిండుకుంట కూసున్న. నోరు ఊకుంటదా? 'ఉమ్మా, రొమ్ము వట్టి గుంజుతె మేక తంతది గద, పాలిస్తదా? మెల్లగ పిండుతం. గిది సుత గట్లనే పిండు' అన్న."

"పాలు పిండినట్టా!"

"గంతే అన్న. పుట్టినకాంచి పాలు పిండిన చెయ్యి అది. ఎంటనే అందుకున్నది. ఊపిరిడిచి, మెల్లగ... మొదటి డబ్బ పడ్డది. నా దిక్కు జూసి నవ్వింది. నోట్ల పండ్లు లేవు, చంటి పిల్ల లెక్క నవ్వింది. ఉరికిపోయి దోసెడు ఖజూర్లు తెచ్చి నా చేతుల వోసింది."

"మంచిదే గదప్పా. దానికి మొగం మాడ్చుకునేదేముంది?"

"బొగ్గుగాన్ని కట్టేసింది."

"ఎవుర్ని?"

"కుక్కను. అగో, ట్యాంకి చక్రానికి."

"అవు, నేనొస్తే మొరగలా. ఎప్పుడూ టైరు కొరికేదానికి వస్తాది గదా. ఏం చేసింది?"

"ఏం జెయ్యలే."

"ఏం చెయ్యకుంటే కట్టేస్తారా?"

"నమాజయినంక కొడ్తదట."

"కట్టెతోనా?"

"పిస్తోలుతోని."

"తౌబా! దేనికి?"

"మేకపోతును తిన్నదని."

"తోడేలు గదప్పా తినింది?"

"ముందుగాల తోడేలు అన్న. ఆమె పిస్తోలు తెచ్చుకున్నది, కావలి కూసున్నది. తోడేలు రాదాయె, జాడ లేదాయె. గీ దావూద్ గాడున్నడు సూడు, వాడొచ్చి 'మీ నల్ల కుక్క తొడబొక్క నోట్ల వెట్టుకొని పోంగ జూసిన' అన్నడు. ఆమె నన్ను పిలిచి అడిగింది, 'భోజా, మన కుక్కేనా?' అని."

"నువ్వేమన్న్యావు?"

"ఏమనలే."

"ఏమనలా?"

"తల ఊపిన."

"కుక్క తింటే కుక్కే తినిందంటాం. దాంట్లో తప్పేముంది? నెత్తురు మరిగిన కుక్కను మందలో పెట్టుకోరప్పా. మా పక్క గొర్రెలోళ్లు గూడా పెట్టుకోరు."

"మా తాత సుత ఉంచకపోతుండె. నాకు ఎర్కనే."

"మల్ల?"

"బొగ్గుగాడు తినలే ఖాజా భాయ్."

"నువ్వు చూసినావా?"

"చూసుడేంది. మనమే తిన్నం."

"ఎవురు మనం?"

"నువ్వు, నేను. మూడు జుమ్మాల కింద. నీళ్లు తెచ్చినవు, కూర మస్తుగున్నదన్నవు, మల్లొక్కసారి ఏపిచ్చుకున్నవు."

"అది ఉమ్మ్ నాసిర్ ఇచ్చిందన్న్యావు గదరా! 'ఆయమ్మ ఖుషీగా ఇచ్చింది, కోసుకున్న్యా' అన్న్యావు!"

"అన్న."

"దొంగ మేకనా నాకు పెట్టింది?"

"దొంగ మేక గాదు... పోచమ్మ యాట."

"ఏమ్మ యాట?"

"జర మెల్లగ మాట్లాడు, నమాజుల ఉన్నది. నా బిడ్డ సంధ్య కాన్పు కష్టమైందని చెప్పిన గద? తల్లీ పిల్లా బతికితె నా చేత్తోనే పోచమ్మకు యాటను కోస్తనని మొక్కిన. బతికిన్రు. ఛుట్టీ అడిగిన. నాసిర్ సారు రంజాన్ కానీ అన్నడు, బక్రీద్ కానీ అన్నడు. అటు పిల్లకు జరం ఇడుస్త లేదు. మా ఇంటామె దేవవ్వ ఫోన్ల ఒకటే ఏడుపు. 'నీ మొక్కు నీ నెత్తి మీదనే ఉన్నది, తల్లి కోపం జేసింది' అని."

"దేవవ్వ ఏడిస్తే? ఈ ఇసుకలో నీకు పోచమ్మ యాడ దొరికింది?"

"ఆ తుమ్మచెట్టు కింద రాయి లేదా? కూరలకేసే పసుపు రాసిన. బెల్లం వెడుదమంటె లేదు. ఖజూరు వెట్టిన."

"యా అల్లా! పోచమ్మకు ఖర్జూరం! పసుపు రాసిన రాయి ముందర కోసి నాకు పెట్టినావా? నేను బిస్మిల్లా చెప్పుకోని తిన్న్యానప్పా!"

"చెప్తె నువ్వు తినకపోదువు. నువ్వు తినకుంటె నాకు బుక్క దిగకపోవు. యాటను కోసినంక ఒక్కడు కూసొని తింటడా? వాడకట్టంత లేకున్న ఇంకొక్కడన్న ఉండాలె గద."

"పాపంలో పాలుకు పిల్చినావు నన్ను."

"కూరకు పిలిచిన భాయ్. పాపమని అటెన్క ఎర్కయింది."

"పిల్లకు జరం తగ్గిందా?"

"తెల్లారెవరకే తగ్గింది."

"పోన్లే, అది మంచిదయింది. అయినా ఆ ఎముక ఆ కుక్క నోట్లోకి ఎట్లొచ్చిందప్పా? నీకు బుద్ధుండాలా, ఎముకలు కుక్కకు ఏస్తారా?"

"నువ్వే ఏసినవు."

"నేనా?"

"తొడబొక్క. 'ఇంద తీస్కోరా బొగ్గూ, నువ్వూ పండగ చేసుకో' అన్నవు."

"... అవు, నేనే ఏసినా."

"మిగిలినయన్ని నేను గుంట తీసి పాతిన. తోలు సుత. మొక్కు యాట తోలును కుక్క గుంజుకపోవద్దు, మా తాతల కాడికెల్లి గట్లనే. ఒలిచి, ఉప్పు జల్లి, మడత వెట్టి పోచమ్మ రాయి కిందనే వెట్టిన."

"ఎవురూ చూళ్లా గదా?"

"ఎవ్వలు జూస్తరు? నిన్న బొగ్గుగాడు ఆడ గోకుతుంటె రాయి ఇసిరి తరిమిన. పొద్దుగాల ముసలామె పుల్లలకని అటే పోయొచ్చింది. ఎర్కయితె ఊకుంటదా? ఏమనలే."

"అయితే నువ్వు గూడా ఊరికుండు."

"ఊకుంటె వాడు సస్తడు."

"నోరు తెరిస్తే నువ్వు చస్తావు! తెలుసా? నీకు వీసా ఇచ్చిన కఫీల్ మేకను దొంగతనంగా కోసినావు. పైగా రాయికి పసుపు. ఈ దేశంలో! ముందు జైలు, ఆమీట వేలిముద్రలు తీస్కోని పంపిస్తారు. మల్ల ఈ గడప తొక్కలేవు. సంధ్య మొగుడు చేసేది ఏం పని? ఆ ఇల్లు గడిచేది ఎవురి మీద?"

"నా మీదనే."

"మల్ల? అది కుక్కప్పా. కుక్క."

"కుక్కనే. సలికాలం నా కాళ్ల మీద పండుతది. ఈడ నా మాట సమజయ్యేది వాడొక్కనికే."

"నాకు సమజు కాదా?"

"నువ్వు వారానికొక్కసారి ఒస్తవు."

"నీళ్లు పోసేది వారానికొకసారే గదప్పా."

"ముసలామె నాకేం తక్వ జేసింది భాయ్? పోయిన సలికి నాకు దగ్గు లేస్తె ఒంటె పాలు కాచి తాపింది. 'నా పెనిమిటి బొంత' అని తెచ్చి కప్పింది. గసొంటి మనిషి మొకం జూసి అబద్ధమాడిన. ఒకటి గాదు, రెండు. తోడేలన్న, కుక్కన్న. ఆమె తోడేలు భయానికి పిస్తోలు కొనుక్కుంటె, దాన్ని పేల్చుడు నేనే నేర్పిన."

"అంత మంచి మనిషయితే అడిగి కోసుకోకూడదా?"

"పోచమ్మకు కోస్తనంటె ఇస్తదా?"

"పోచమ్మ పేరు నిన్నెవురు చెప్పమన్న్యారప్పా? 'అమ్మా, మనవరాలు బతికింది, ఒక మేకపోతు కోసుకుంటా' అంటే ఆయమ్మే కత్తి నూరి ఇచ్చుండేది."

"గా తెలివి నాకు లేకపాయె."

"సరే. ఏడవద్దు. నేనే చెప్తా. నాకు అరబ్బీ బాగా వచ్చు. తప్పయిపోయింది, మన్నించు, కుక్కను ఇడిచిపెట్టు అని చెప్తా."

"చెప్తవా?"

"చెప్తా."

"బొక్క కుక్కకెట్ల దొరికిందని అడుగుతది."

"... అడుగుతాదా?"

"అడగదా?"

"నా పేరెందుకప్పా దాంట్లోకి?"

"ఇద్దరం తిన్నం గద."

"ఉండు, ఉండు, ఆలోచిస్తాం. తొందరెందుకు. అదో, నమాజు అయిపోయింది, వస్తాండాది. ఇంక తెలుగు ఆపు. అరబ్బీలోనే మాట్లాడు, లేకుంటే ఏం దాస్తాండారంటాది."

"పిస్తోలు సంచిల చెయ్యి వెట్టింది భాయ్."

"తెలుగు ఆపమన్న్యా!"

"ఖాజా, నీళ్లు నిండాయా?"

"నిండినాయమ్మా. నాసిర్ సారు సలాం చెప్పమన్న్యాడు."

"అతనికీ సలాం. భోజా, కుక్కను విప్పు. మేకలు బెదరకుండా దూరంగా తీసుకురా. ఆ చెట్టు దగ్గరికి."

"ఏ చెట్టు, ఉమ్మా?"

"ఈ ఎడారిలో మనకు ఎన్ని చెట్లున్నాయి?"

"పొద్దుగూకుతాంది ఉమ్మా. రేపు..."

"నా కళ్లకు ఈ వెలుతురు చాలు."

"ఖాజా భాయ్, జెప్పు. ఏదన్న జెప్పు."

"మీ భాషలో ఏమంటున్నాడు?"

"చలిగా ఉందంటాండాడమ్మా. అమ్మా, ఒక మాట. ఈ కుక్కను నేను బండిలో ఎక్కించుకోని దూరంగా ఇడిచిపెట్టి వస్తా. నీకెందుకు ఈ కష్టం?"

"నెత్తురు రుచి తెలిసింది ఎంత దూరం పోయినా తిరిగి మంద దగ్గరికే వస్తుంది. అది మీ భోజా ఎప్పుడో చెప్పిన మాటే. తాడు దగ్గరగా పట్టుకో భోజా. నీ చెయ్యి ఎందుకలా వణుకుతోంది? వణకవలసింది నాది కదా?"

"సలి, ఉమ్మా."

"నిలబడడం సరిగ్గా ఉందా? గుంజకూడదు. ఊపిరి వదలాలి. పాలు పిండినట్టు. అంతేనా?"

"అంతే, ఉమ్మా."

"చూడు, దానికి నా మీద భయం లేదు. నీ కాళ్లే నాకుతోంది. పిండే ముందు ఒక్కసారి నీ నోటితో చెప్పు. తల ఊపడం కాదు. నా మేకపోతును తిన్నది ఇదేనా, భోజా?"

"ఇదే, ఉమ్మా. కుక్కే తిన్నది."

"ఖాజా, నువ్వు?"

"అవునమ్మా... దాని నోట్లో ఎముక నేను గూడా చూసినా."

"ఏ కుక్కైనా మేక తోలు ఒలిచి, ఉప్పు చల్లి, మడతపెట్టి, రాయి కింద దాచుకుంటుందా?"