పాండిచ్చేరిలో తిన్నది

స్నేహితులతో పాండిచ్చేరి చూసి చోడవరం తిరిగొచ్చిన సత్యారావు భోజనానికి కూర్చున్నాడు. భార్య నరసమ్మ వడ్డిస్తోంది.

"ఫ్రెంచోళ్ల హోటల్లో ఏటి తిన్నావు మావా?"

"రొట్టి."

"అంత పెద్ద హోటల్లో ఒట్టి రొట్టేనా?"

"కాగితం మీద అంతా ఫ్రెంచిలోనే ఉంది. నాకు సదువొచ్చని మావోళ్లు నన్నే సెప్పమన్నారు. ఒకదాని మీద ఏలెట్టి సూపించేను."

"ఏటొచ్చింది?"

సత్యారావు చారన్నం కలుపుతూ, అమ్మ పెరట్లోనే ఉందో లేదో ఒకసారి చూసుకున్నాడు.

"నత్తలు. ఎన్నలో ఏయించినవి."

"తిన్నావా?"

"తినకపోతే పరువు పోతాది కదా. నా పన్నెండూ తిన్నాను. మావోళ్లు ముట్టలేదు, ఆళ్లవీ తిన్నాను."

"బాగున్నాయా?"

"బాగున్నాయి," అన్నాడు తల ఎత్తకుండా.

నరసమ్మ గరిటె కింద పెట్టింది.

"మా పుట్టింటోళ్లు నత్తలు తింటారని పెళ్లినాడు మీయమ్మ పదిమందిలో నవ్వింది. పదేళ్లయింది, ఈ ఇంట్లో నేను ఒండనేదు, తిననేదు."

సత్యారావు మళ్లీ పెరటివైపు చూశాడు.

"రేపు మడిలో ఏరుకొచ్చి ఒండుతాను," అంది ఆమె మజ్జిగ పోస్తూ. "అది ఫ్రెంచోళ్ల కూరని మీయమ్మకి నువ్వే సెప్పు."