తూము తాళం

తుంగభద్ర కాలువ పక్కన, కోస్తా నుంచి వలసొచ్చిన రైతుల క్యాంపులో కొత్త కాపురం. వేడి గారెలు వడ్డిస్తూ, మొగుడి ఖాకీ చొక్కా చూసి ఆమె మురిసిపోయింది.

“రైతును చేసుకున్నాననుకుంటే కాలువ లస్కరు దొరికాడే! నీళ్లు వదలమని నేనూ దణ్ణం పెట్టాలా?”

“పెట్టు.”

“నవ్వరేంటండీ? రాయచూరు నుంచి వచ్చిన ఆ కాలేజీ మేష్టారి పరీక్ష అంత కష్టమా?”

“కష్టమేముంది? చొక్కా ఇచ్చాడు, కాలువ ఆఫీసులో చెప్పి తూము తాళం ఇప్పించాడు. బతిమాలితేనే నీళ్లు వదలమన్నాడు. చేతికి అధికారమొస్తే మనిషి ఎలా మారతాడో చూస్తాడట.”

“మరి రైతులకు తెలుసా, ఇది పరీక్షని?”

“తెలిస్తే బతిమాలరుగా. కొత్త లస్కరు నేనేనని చెప్పించాడు.”

“మన యలమందయ్య మామయ్యక్కూడానా?”

“ఆఁ. మొన్న బాబాయి, ‘తూము తలుపెత్తరా అబ్బాయ్’ అన్నాడు. ఎత్తలేదు. నిన్న తలపాగా తీసి చేత్తో పట్టుకుని, ‘అయ్యా’ అన్నాడు.”

ఆమె చేతిలోని గారెను మళ్లీ గిన్నెలో వేసేసింది.

“మిమ్మల్ని భుజాన మోసి పెంచిన మనిషండీ! మీకేమీ అనిపించలేదూ?”

“లేదు. అదే నాకూ అర్థం కావట్లేదు.”

“ఆయన నారుమడి నిజంగానే ఎండిపోతోంది. ఇక చాలని ఆ మేష్టారికి చెప్పండి.”

“ఆయనే చాలన్నాడు. నిన్న సాయంత్రమే మనసొప్పక అన్నీ ఆపేసి, రాయచూరు బస్సెక్కాడు.”

“మరి ఇవాళ తూము ఎవరు మూశారు?”

“నేనే. తాళం ఇంకా నా దగ్గరే ఉందిగా.”

“ఎందుకండీ?”

అతను గారె తుంచి నోట్లో పెట్టుకున్నాడు.

“బాబాయి ఇవాళ ఇంకా వచ్చి అడగలేదు.”