గాలి గొట్టం

ఆటోనగర్ షెడ్డులో ఆయుధపూజ. లేతు మిషనుకి గంధం పూస్తూ ఆమె షెడ్డు యజమానిని అడిగింది. ఒకప్పుడు ఆమె భర్త నడిపిన రెండు జతల రెక్కల మిలిటరీ విమానానికి మెకానిక్కు అతను. ఇప్పుడీ షెడ్డు అతనిదే.

"మీ అన్న ఇమానం ఎందుకు పడిపోనాదో ఇప్పుడైనా సెప్పు తమ్ముడూ."

"రెక్కకి సన్న గొట్టం ఉంటాది వదినా. ఎదురుగాలి అందులో దూరితేనే స్పీడు ముల్లు లెగుస్తాది. ఆ కన్నం మూసుకుపోనాది. ముల్లు లెగలేదని అన్న సూసుకునేసరికే ఇమానం నేలొదిలి లెగిసిపోనాది. మబ్బులోన స్పీడు పడిపోతన్నా తెలీలేదు, అలాగే కూలిపోనాది."

"కన్నానికి ఏటి అడ్డమొచ్చినాది?"

విరిగిన రెక్క దగ్గర కూర్చుని ఆ గొట్టాన్ని పుల్లతో గీకినప్పుడు రాలిన ఎండు గంధం వాసన అతని ముక్కును ఇంకా వదల్లేదు.

"కందిరీగ వదినా. మట్టితో గూడెట్టీసినాది."

ఆమె చెయ్యి మిషను మీదే ఆగిపోయింది.

"ఆ రోజూ ఆయుధపూజే కదా. ఇమానమంతా బొట్లెట్టి, ఆ గొట్టం మొనకి గంధం రాసింది నానే. అప్పుడు కందిరీగేటీ లేదే?"

"తరవాతొచ్చినాది వదినా," అన్నాడతను, ఆమె చేతిలోంచి గంధం గిన్నె మెల్లగా తీసుకుంటూ. "నువ్వెళ్ళిపోయాక... తరవాతే ఒచ్చినాది."