అలివి వల తాడు పట్టించిన హెబ్రోను గారు

1936వ సంవత్సరం జూలై ఆరవ తేదీన నెల్లూరు యువజన సేవా సంఘ కార్యాలయంలో గుమాస్తాగా చేరిన శ్రీ హెబ్రోను గారు, ముప్పైమూడేళ్ళ నిరంతర సేవానంతరం, ఈ నెలాఖరున కార్యదర్శి పదవి నుండి విరమిస్తున్నారు. మనుబోలులో సామాన్య రైతు కుటుంబంలో జన్మించిన వీరు స్వయంకృషితో అంచెలంచెలుగా ఎదిగి, 1957లో కార్యదర్శి బాధ్యతలు స్వీకరించారు. వారికి కోపం ముక్కు మీదే ఉంటుంది గాని, అది మధ్యాహ్న భోజనం దాటి నిలిచిన దాఖలా మాత్రం లేదు.

ఆ మరుసటి ఏడు వారికి అగ్నిపరీక్ష ఎదురైంది. ఐరోపాలో ఒక ప్రభుత్వం ప్రజాధనం నుండి యువజన సంఘాలకిచ్చే నిధితో, అల్లూరు సమీపంలోని ఒక పట్టపుపాళెంలో, అంటే జాలరుల పల్లెలో, బడి కట్టడానికి ఆ దేశపు యువతీయువకులు వచ్చారు. వచ్చినవారూ ఊరివారూ కలిసి పనిచేయాలన్నది ఆ నిధి నియమం. తీరా చూస్తే, మన జాలరి సోదరులు వారి చేతుల్లోని తట్టలు లాక్కుని, కొబ్బరి బోండాలిచ్చి, పెళ్ళివారిలా పందిట్లో కూర్చోబెట్టారు! ఆ నిధి తరఫున తనిఖీకి వచ్చిన దొరసాని అది చూసి, ఇదే తీరైతే మిగిలిన నిధిని ఆపమని రాస్తానన్నారు. గోడలు అప్పటికి మొలలోతే లేచాయి. వచ్చినవారికీ తట్టలివ్వమని హెబ్రోను గారు ఊరివారిని బతిమాలారు.

"ఇంటికొచ్చినోళ్ళ చేత మట్టి మోయిస్తే ఊరి పరువేం గానయ్యా?" అన్నాడు ఊరి పెద్ద పోలేరయ్య. తామూ ఆ మర్యాదలోనే పెరిగినవారు గనుక హెబ్రోను గారు మరి వాదించక వేరే ఉపాయం వెతికారు.

మర్నాడు తెల్లవారగానే సముద్రపు ఒడ్డున జాలరులు పెద్ద అలివి వలను తాళ్ళతో గట్టుకు లాగుతున్నారు. తాడు మీద చెయ్యి వేసిన ప్రతివారికీ వాటా ఇవ్వడం ఆ పాళెం కట్టుబాటు. కార్యదర్శి గారు పంచె ఎగగట్టి తాడు పట్టి, విదేశీ యువతను కేకేసి పిలిచారు. అరచేతులు బొబ్బలెక్కేదాకా అందరూ లాగారు. పోలేరయ్య తల్లి ముసలమ్మ వాటాలు వేస్తూ, ఆ విదేశీ యువత ముందు కూడా చేపలు పోసింది.

"పోలేరయ్యా, వాటా తీసుకున్నోళ్ళు చుట్టాలా, మనోళ్ళా?" అని అడిగారు హెబ్రోను గారు.

పోలేరయ్య పకపకా నవ్వాడు. "మనోళ్ళేనయ్యా! ఇంకేం, తట్టలందుకోమను!"

దొరసాని కూడా తట్ట ఎత్తుకున్నారు. నిధి ఆగలేదు, వానలకు ముందే బడికి కప్పు పడింది. హెబ్రోను గారికీ, తమ పన్నులతో ఆ నిధిని నిలిపిన ముక్కూమొహం తెలియని ప్రజలకూ మేమెంతో కృతజ్ఞులం.

ఆ పాళెం బడిలోనే అక్షరాలు దిద్దుకున్న పోలేరయ్య మనుమరాలు మాలకొండమ్మ, ఈ జూన్‌లో ఆ బడికే పంతులమ్మగా చేరింది. ఆమె శిష్యులు తమ బిడ్డలను చెయ్యిపట్టి అదే బడికి తీసుకువచ్చే నాటికి కూడా, హెబ్రోను గారు సహధర్మచారిణి ఎలిశబెతమ్మ గారితో ఆయురారోగ్యాలతో వర్ధిల్లుతూ, ఆ గుమ్మంలో నిలబడి కళ్ళారా చూడాలని మా అందరి ప్రార్థన.