పేరు లేని చీటీ

ఆరాధన మొదలవడానికి పది నిమిషాలుంది. పాస్టరు తన గదిలో తల పట్టుకుని కూర్చుని ఉంటే, చర్చి ఊడ్చే ముసలమ్మ ప్రార్థన చీటీల పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టింది.

"అయ్యగారూ, ఒక చీటీకి పేరు లేదు."

"పక్కన పెట్టమ్మా."

"'ప్రార్థన చేయలేకపోతున్నవాడి కోసం ప్రార్థించండి' అని ఉంది. మీ రాతే కదూ?"

"పెట్టె తాళం నీకివ్వడమే నా తప్పు."

"అరవై ఏళ్లొచ్చాక నాకు అక్షరాలు దిద్దించింది మీరు. ఆ రాత నాకు తెలీదా?"

అతను తలెత్తకుండానే అన్నాడు.

"ఆ లారీ గుద్దిన దగ్గర్నించి నా పాప కళ్లు తెరవలేదు. ఇవాళ్టికి ఇరవై రోజులు. మోకాళ్లు కాయలు కాచేలా అడిగానమ్మా. గోడకి చెప్పుకున్నట్టే ఉంది. ఇప్పుడు నోరు తెరిస్తే దేవుడు లేడనేస్తానేమో. జనం ముందు ఎలా నిలబడను?"

"లేడనుకుంటే ఈ చీటీ ఎవరికి రాశారు?"

"ఏమో. చెయ్యి ఊరుకోలేదు."

"నోరు మూతపడితే చెయ్యి అడిగింది. అంతేగా?"

"పాప లేవకపోతే?"

"లేస్తుందని నేను చెప్పలేనయ్యా. నా కొడుకూ లేవలేదు. వాడి సమాధి దగ్గర నాకు ఆమేన్ అని నోరు రాకపోతే, నా బదులు మీరన్నారు. మర్చిపోయారా?"

గంట మోగింది. అతను లేవబోయి మళ్లీ కూలబడ్డాడు. ముసలమ్మ ఆ చీటీని అన్నిటికన్నా పైన పెట్టి, పెట్టె అతని చేతికిచ్చింది.

"మీరు చదవండి చాలు. ఆమేన్ మేమంటాం."